డిస్కు ‘పాస్’ అంటోంది, ఫైళ్లు మాత్రం తెరుచుకోవడం లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఇంట్లో పెట్టుకున్న స్టోరేజ్ సర్వర్‌లో డిస్కు బాగుందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? నా దగ్గరికి రిపేరుకు వచ్చేవాళ్లదీ ఏటా ఇదే వరస, ఏప్రిల్, మే నెలలంతా ఉడికిపోయిన డిస్కులు తొలకరి పడేసరికి మూలగడం మొదలుపెడతాయి. అందుకే ఈసారి ప్రింటర్లు, ఫోన్ల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి డిస్కుల గొడవే తీసుకున్నా.

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు, పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీస్తాను. పాత డెస్క్‌టాప్‌కు 4 టీబీ డిస్కులు రెండు తగిలించి, లినక్స్ వేసి ఇంట్లోనే సర్వర్‌గా వాడుతున్నా. రెండూ విడివిడిగానే ఉన్నాయి, డిస్కులను జతకట్టి ఒకటిగా నడిపే రైడ్ పెట్టలేదు. వారం నుంచి మాఘమాసం పెళ్లిళ్ల ఫోల్డర్ తెరిస్తే చాలాసేపు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, కొన్ని వీడియోలు సగంలో నిలబడిపోతున్నాయి. స్మార్ట్ రిపోర్ట్ తీసి చూస్తే పైన ‘పాస్డ్’ అని ఉంది. కింద పట్టికలో 5వ నంబరు వరసలో 16, 197లో 48, 198లో 48, గంటలు 31,420 అని ఉన్నాయి. పాస్ అయింది కదా, నెట్‌వర్క్ కేబుల్ సమస్యేమో అని ఊరుకున్నా. టెన్షన్ పడాలా?

జవాబు: పడాలి తమ్ముడూ, గట్టిగానే పడాలి. ఇది కేబుల్ జబ్బు కాదు, డిస్కు జబ్బు. ఈ జవాబు పూర్తిగా చదవడానికి ముందే ఒక పని చెయ్. ఇంకో డిస్కు కొనుక్కొచ్చి, కస్టమర్లకు ఇంకా ఇవ్వని పెళ్లిళ్లన్నీ ముందు దాంట్లోకి కాపీ చేసుకో. ఆల్బమ్, పెన్‌డ్రైవ్ ఇచ్చేసి డబ్బులు తీసుకున్నవి ఆ తర్వాత. కాపీ ఏదన్నా ఒక ఫైలు దగ్గర నిలిచిపోతే దాన్నే పట్టుకుని కూచోవద్దు, వదిలేసి తర్వాతిదానికి పో. చిక్కుకున్నవాటి కోసం చివర్లో డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడు. అది తేలిగ్గా వచ్చే భాగాలన్నీ ముందు లాగేసి, మొండికేసిన చోట్లకు తర్వాత మళ్లీ మళ్లీ పోతుంది, యాడ ఆగిందో రాసిపెట్టుకుంటుంది కూడా.

కాపీ అయ్యేదాకా చేయకూడనివి రెండున్నాయి. ఫైల్ సిస్టమ్ రిపేర్ కమాండ్లు ఇవ్వొద్దు, అవి జబ్బుపడిన డిస్కు మీద మళ్లీ రాతలు రాస్తాయి. డిస్కు మొత్తం చదివించే లాంగ్ టెస్ట్ కూడా ఇప్పుడు వద్దు, కొన ఊపిరితో ఉన్నవాణ్ణి మెట్లెక్కించినట్టు ఉంటుంది. మధ్యలో టక్ టక్ అని ఒకే లయలో చప్పుడు మొదలైతే వెంటనే ఆపెయ్, ఇక ఇంట్లో ఏమీ చేయకుండా డేటా రికవరీ వాళ్లకు ఇవ్వడమే.

ఇక ఆ ‘పాస్’ సంగతి. డిస్కు తన గురించి తాను రాసుకునే చిట్టానే స్మార్ట్ రిపోర్ట్ అంటాం. అందులో ఒక్కో వరసకు ఒక మార్కు ఉంటుంది, 100 నుంచో 200 నుంచో మొదలై డిస్కు పాడయ్యే కొద్దీ తగ్గుతూ వస్తుంది. పక్కనే కంపెనీ పెట్టుకున్న కనీస మార్కు ఉంటుంది. దాన్ని తాకితేనే ఫెయిల్. పదో తరగతిలో 35 వస్తే పాస్ కదా, ఇక్కడ ఆ 35 కూడా అడగరు. నీ రిపోర్టులో 197వ వరస ఎదురుగా కనీస మార్కు గడి ఒకసారి చూడు, చాలా డిస్కుల్లో అది సున్నా. అంటే ఆ వరస ఎంత నాశనమైనా పైన ‘పాస్’ అనే పడుతుంది. పిల్లవాడికి సున్నా వచ్చినా పాసే అనే బడి అన్నమాట. అందుకే నేనెప్పుడూ ఆ పై లైను చూడను. వరస చివర్లో ‘రా వాల్యూ’ అని ఉండే అంకె ఉంది చూడు, అసలు కథంతా అక్కడే.

నీ డిస్కులో ఆ అంకెలు ఏం చెబుతున్నాయంటే, 48 సెక్టార్లను, అంటే డేటా రాసుకునే చిన్న చిన్న ముక్కలను, చదవబోయి చదవలేకపోయింది. చదవలేకపోయినంత మాత్రాన డిస్కు వాటిని పారేయదు, అందులో నీ డేటా ఉంది కాబట్టి ‘పెండింగ్’ అని 197లో రాసుకుంటుంది. తర్వాతెప్పుడో అదే చోట కొత్తగా ఏదన్నా రాయబోతే, ఆ చోటు బాగుందనిపిస్తే పెండింగ్ లెక్కలోంచి తీసేస్తుంది, బాగాలేకుంటే ఆ సెక్టార్‌ను మూసేసి రిజర్వులో ఉంచుకున్న ఇంకో సెక్టార్‌ను దాని స్థానంలో పెట్టి 5వ వరసలో ఒకటి కలుపుతుంది. నీకు 16 అట్లా ఇప్పటికే మారిపోయాయి. 198 అంటే డిస్కు తీరిగ్గా తనను తాను పరీక్షించుకునేటప్పుడు చదవలేకపోయినవి. ఈ మూడింటితో పాటు 187, 188 వరసలు కూడా చూసుకో, లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ కంపెనీ వాళ్లు కూడా ప్రధానంగా చూసేది ఈ అయిదింటినే. 4 టీబీ డిస్కులో 512 బైట్ల లెక్కన సుమారు 781 కోట్ల సెక్టార్లుంటాయి, అందులో 48 పోతే ఏమైంది అనిపిస్తుంది. లెక్క చిన్నదే, కానీ అది సున్నా నుంచి కదలడమే మనకు కావాల్సిన కబురు. గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనం 2007లో బయటపెట్టారు, అందులో ఇట్లాంటి అనుమానపు సెక్టార్ మొదటిది కనబడ్డాక 60 రోజుల్లో ఆ డిస్కు పోయే అవకాశం మిగతావాటికన్నా 16 రెట్లు ఎక్కువని తేలింది.

ఫోల్డర్ తెరిస్తే తిరుగుతూనే ఉండటానికి కారణం కూడా ఇదే. డెస్క్‌టాప్‌ల కోసం చేసిన మామూలు డిస్కు, చదవలేని చోట పడితే ఒక పట్టాన వదలదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ కంప్యూటర్‌ను కూడా అక్కడే నిలబెడుతుంది. నాస్ కోసం, అంటే నెట్‌వర్క్‌లో పెట్టే స్టోరేజ్ సర్వర్ల కోసం చేసిన డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో చేతులెత్తేస్తాయి, రైడ్‌లో రెండో డిస్కు నుంచి తెచ్చుకుంటారులే అని. 31,420 గంటలంటే ఆపకుండా మూడున్నరేళ్లు తిరిగింది. వారంటీ బిల్లు వెతుకు, కొన్ని మోడళ్లకు మూడేళ్లు, కొన్నింటికి అయిదేళ్లు ఉంటుంది. రెండో డిస్కు కూడా అదే రోజు అదే షాపులో కొని ఉంటావు కదా, దాని రిపోర్టు కూడా ఈ రోజే తీసి చూడు.

ప్రశ్న: నాయనా, నేను కర్నూలులో రిటైరైన లెక్కల టీచరును. మనవడు పాత కంప్యూటర్లో విండోస్ వేసి ఇంటి ఫొటోలన్నీ అందులో పెట్టిపోయాడు, స్మార్ట్ రిపోర్ట్ చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో కూడా వేసి నెలకోసారి చూడు తాతా అన్నాడు. సీగేట్ డిస్కు. షాపులో చూపిస్తే మొదటి వరసలో 12 కోట్ల ఎర్రర్లున్నాయి, వెంటనే మార్చాలి అన్నారు. 9వ వరసలో గంటలు ఉండాల్సిన చోట 4ఈ20 అని ఇంగ్లిష్ అక్షరం కలిసి ఉంది. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినా ఇది అర్థం కాలేదు.

జవాబు: మాష్టారూ, మీరే అడిగారు కాబట్టి లెక్కతోనే చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అంకెలను 16 భూమిగా చూపిస్తుంది, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వాడే లెక్క అది. అందులో 4ఈ20 అంటే మన లెక్కలో సరిగ్గా 20,000 గంటలు, అంటే రాత్రీ పగలూ ఆపకుండా తిరిగితే రెండేళ్ల మూడు నెలలు. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ లోకి పోయి 10 ఎంచుకుంటే మామూలు అంకెలు వస్తాయి.

ఆ 12 కోట్లు తప్పులు కావు. సీగేట్ డిస్కుల్లో 1వ వరస, 7వ వరస రెండు లెక్కలను ఒకే అంకెలో కలిపి ఇస్తాయి. కింది భాగంలో ఇప్పటిదాకా ఎన్నిసార్లు చదివింది (7లో అయితే చోటు వెతుక్కుంటూ ఎన్నిసార్లు కదిలింది), పై భాగంలో ఎన్ని తప్పులయ్యాయి. మొత్తం అంకె సుమారు 429 కోట్లు దాటనంతవరకు తప్పుల భాగం సున్నా కిందే లెక్క. రెండు ఘాతం 32 ఎంతో మీకు నేను చెప్పాలా! 5, 197, 198 వరసలు సున్నా ఉన్నంతవరకు ఆ డిస్కు జోలికి పోవద్దు. షాపాయన అమ్మకం కోసమే అన్నాడనను, ఆ అంకె చూసి మొదట్లో నేనూ బెదిరిపోయా.

ప్రశ్న: అనంతపురంలో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. ఇంటి సర్వర్లో ఒక డిస్కుకు 199వ వరసలో 214 కనబడింది. సాటా కేబుల్ మార్చాను. అయినా 214 అలాగే ఉంది, సున్నా కాలేదు. డిస్కు కూడా మార్చాలా?

జవాబు: అక్కర్లేదండీ. 199 అంటే డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిపోయిన సార్లు, డిస్కు లోపలి తప్పు కాదు. అది ఎప్పటికీ వెనక్కు తగ్గదు, కారు మీటరు లాంటిది. కేబుల్ మార్చిన రోజు తేదీ వేసి ‘214’ అని రాసి పెట్టుకోండి, రెండు వారాల తర్వాత కూడా 214 దగ్గరే ఉంటే సమస్య తీరినట్టే. పెరిగితే కేబుల్ను మదర్‌బోర్డులో ఇంకో చోటికి మార్చి చూడండి, క్యాబినెట్ మూత కేబుల్ను నొక్కి మడత పెడుతోందేమో కూడా చూడండి. ఇంత చిన్న కారణానికి మంచి డిస్కులను పారేసినవాళ్లను చూశాను.

ప్రశ్న: మాది కడప. సర్వర్‌ను హాల్లో సజ్జ మీద పెట్టాం, బండ కదా చల్లగా ఉంటుందని. మే నెలలో మధ్యాహ్నం డిస్కు వేడి 56 డిగ్రీలు చూపించింది. ఇది ప్రమాదమా? ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ వేరేగా కావాలా?

జవాబు: కడప బండ కాళ్ల కింద చల్లగా ఉంటుంది కానీ పైకప్పు కిందికి పోతే కాదు. ఎండాకాలం మిద్దె పగలంతా కాగి, ఇంట్లో వేడిగాలి అంతా పైకి చేరి ఆ సజ్జ మీదే కూచుంటుంది, ఫ్యాను గాలి అక్కడికి అందదు. సర్వర్‌ను కిందికి దించండి, నేల మీద కాకుండా జానెడు ఎత్తు స్టూలు మీద, గోడకు బెత్తెడు దూరంలో. ఊరికే కిందికి దించితేనే ఎంత తగ్గిందో మర్నాడు మధ్యాహ్నం అదే వేళకు చూడండి. చాలా డిస్కులకు కంపెనీలు 60 వరకు ఫరవాలేదని రాస్తాయి, నాస్ డిస్కులకు 65 వరకు ఇచ్చేవీ ఉన్నాయి, అయినా రోజూ 56లో నడపడం నాకు నచ్చదు. చలికాలంలో 40 లోపు, మన మే నెలలో 50 లోపు ఉంటే నేను హాయిగా నిద్రపోతా. ముందు వైపు ఫ్యాను డిస్కుల మీదికే కొడుతోందా, జాలీకి దుమ్ము పట్టిందా చూడండి, ఊళ్లో బండల పాలిష్ యూనిట్ దగ్గరుంటే ఆ తెల్ల పొడి నెల తిరిగేసరికి జాలీని మూసేస్తుంది.

యూపీఎస్ గురించి నా సొంత గోడు చెబుతా. మా ఇంట్లో సర్వర్‌ను దుమ్ము పడకుండా, పాప చెయ్యి పెట్టకుండా చెక్క బీరువాలో పెట్టి తలుపు మూసేవాణ్ణి. తెలివైనవాణ్ణని పేరు, చేసిన పని మాత్రం అది. ఒక మే నెల సాయంత్రం గాలివాన, కరెంటు పది నిమిషాల్లో అయిదారు సార్లు వచ్చి పోయింది. మర్నాడు పొద్దున డిస్కు తిరుగుతున్న చప్పుడే గానీ కంప్యూటర్‌కు కనబడలేదు. అంతకు ముందు ఆదివారం తీసిన రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది, 5లో సున్నా, 197లో సున్నా, అన్నీ సున్నాలే. పాప అన్నప్రాసన వీడియో మా బావమరిది ఫోన్లో వాట్సాప్‌కు కుదించిన ముక్క ఒక్కటి మిగిలింది, అందులో పాప ముఖం కంటే పాయసం గిన్నే బాగా కనబడుతుంది. ఇందాక చెప్పిన గూగుల్ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది, పోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా వేడి తప్ప మిగతా స్మార్ట్ అంకెల్లో ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వకుండానే పోయాయని. నాది ఆ లెక్కలోది.

మీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి, ఉంటే అటు వేయండి, కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారే వ్యవధి తగ్గుతుంది. అయినా సర్వర్‌కు వేరే చిన్న యూపీఎస్ పెట్టమనే అంటాను, యూఎస్‌బీ కేబుల్ ఉన్నది కొంటే బ్యాటరీ అయిపోయే ముందు సర్వర్ తనంతట తానే పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఎన్ని సార్లు ఉన్నట్టుండి కరెంటు పోయిందో తెలియాలంటే 192వ వరస చూడండి.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తున్నాను. ఆన్‌లైన్లో 8 టీబీ డిస్కు సగం ధరకు వచ్చింది. వాడిన గంటలు 3 అని చూపిస్తోంది. కొత్తదే అనుకోవచ్చా?

జవాబు: సగం ధర అన్నప్పుడే అనుమానం రావాలి కదండీ. ఆ గంటల లెక్కను సున్నా చేసి అమ్మేవాళ్లున్నారు, 2025 మొదట్లో యూరప్‌లో పెద్ద గొడవే అయింది, డేటా సెంటర్లలో ఏళ్ల తరబడి తిరిగిన సీగేట్ డిస్కులు కొత్తవన్న పేరుతో షాపులకు చేరాయి. మీది సీగేట్ అయితే ఫార్మ్ అనే ఇంకో లాగ్ ఉంటుంది, స్మార్ట్ రిపోర్టులు తీసే స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ దాన్ని చదువుతుంది. అక్కడి గంటలకూ ఇక్కడి గంటలకూ పొంతన లేకపోతే వెనక్కు పంపేయండి. ఇంకో సులువైన గుర్తు, స్క్రూ రంధ్రాల్లో గీతలు, సాటా పిన్నుల మీద రాపిడి మరకలు. కొత్త డిస్కుకు అవి ఉండవు. కొత్తదైనా పాతదైనా డేటా పెట్టకముందే ఒక లాంగ్ టెస్ట్ పూర్తి చేయించండి, వాపసు గడువు ముగియకముందే.

ప్రశ్న: ఈ టెస్టులు ఎన్నాళ్లకోసారి చేయాలి? డేటా పోతుందా? నా డిస్కు యూఎస్‌బీ బాక్సులో ఉంది, రిపోర్టే రావడం లేదు. – గుంతకల్లు

జవాబు: డేటా పోదు, ఈ టెస్టులు చదవడమే తప్ప రాయవు. షార్ట్ టెస్ట్ రెండు నిమిషాల పని, వారానికోసారి పెట్టండి. లాంగ్ టెస్ట్ నెలకోసారి రాత్రి పడుకునే ముందు, 4 టీబీకి ఏడెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది. కొన్ని యూఎస్‌బీ బాక్సులు ఈ రిపోర్టును దాటనివ్వవు, స్మార్ట్‌మాన్‌టూల్స్‌లోని స్మార్ట్‌సీటీఎల్ కమాండ్లో డివైస్ రకం ‘శాట్’ అని చేర్చి అడిగితే చాలావాటిలో వస్తుంది. అప్పటికీ రాకపోతే డిస్కు తీసి ఏదన్నా డెస్క్‌టాప్‌కు నేరుగా తగిలించి చూడటమే. ఫైల్ సిస్టమ్‌గా జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ వాడుతుంటే నెలకోసారి స్క్రబ్ కూడా నడపండి, అది ఫైళ్లను చదివి అవి రాసినట్టే ఉన్నాయా అని సరిచూస్తుంది, స్మార్ట్‌కు ఆ సంగతి తెలియదు. ఇవన్నీ పెట్టి ఊరుకోకుండా ఒక పాత నోటుబుక్కులో నెలకొక వరస గీసి తేదీ, 5, 197, 198, 199, వేడి రాసుకోండి. డిస్కులో 8 చెడు సెక్టార్లుండి రెండేళ్లుగా 8 దగ్గరే ఉంటే దానితో కాపురం చేయొచ్చు, పోయిన నెల 0, ఈ నెల 8, వచ్చే నెల 40 అయితే ఇక ఆలోచించేదేమీ లేదు.

ప్రశ్న: రెండు డిస్కులు పెట్టి మిర్రర్ చేసుకున్నాం కదా, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. మళ్లీ బ్యాకప్ ఎందుకంటారు? మా ఆయన ఖర్చు దండగ అంటున్నారు. – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీ వారిది సగం నిజమండీ. డిస్కు పోతే మిర్రర్ కాపాడుతుంది. కానీ పిల్లలు పొరపాటున ఫోల్డర్ డిలీట్ కొడితే అదే క్షణంలో రెండింట్లోనూ పోతుంది, వైరస్ పట్టినా అంతే, పిడుగు పడి బాక్సే కాలిపోతే రెండూ ఒకే బాక్సులో ఉన్నాయి కదా. మూడో కాపీ ఇంటి బయట ఉండాలి. ఖర్చంటారా, సర్వర్ మొత్తానికి అక్కర్లేదు, ఫొటోలు, పాసుపుస్తకాలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, మళ్లీ సంపాదించలేనివి ఎంతున్నాయో చూసి అంత పట్టే చిన్న డిస్కు ఒకటి కొనండి, దాన్ని పుట్టింట్లో బీరువాలో పెట్టేయండి. సంక్రాంతికో దసరాకో పోయినప్పుడు తెచ్చి, కొత్తవి ఎక్కించి, మళ్లీ పోయేటప్పుడు పెట్టేసి రండి. ప్రయాణంలో దాన్ని చీరల మడతల మధ్య సర్ది చేతి సంచిలోనే ఉంచుకోండి, బస్సు డిక్కీలో వేయకండి.